వేసవిలో గాలిచదువు

వేసవి యనగా లోకమునకు సెలవులు. మన యిండ్లలో ఆడువారికి మాత్రము చేతినిండ పని. మామిడికాయలు తరిగి ఆవకాయ కలుపుట, వడియములు పెట్టుట, అప్పడములు ఎండబెట్టుట, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలకు మర్యాదలు జరుపుట, వైశాఖ జ్యేష్ఠములలో పెండ్లిండ్లకు తిరుగుట - వీనితోడనే రోహిణి కార్తె వెళ్ళి మృగశిర ప్రవేశించును. కళాశాలలో చదువుకొను బాలిక యింటనున్నచో ఆమెయు ఈ పనులలో ఒక చేయి వేయును. అది తప్పని మేము చెప్పము. కాని ఆ రెండు నెలలలోనే కొందరు బాలికలు తాము చదివిన చదువు దేనికి పనికివచ్చునో కన్నులార చూచి వచ్చుచున్నారు. అట్టి త్రోవ యొకటి కలదని పెక్కుమంది తల్లులకు తెలియదు. తెలిసినవారికి పంపుటకు మనసు రాదు. ఈ రెండింటిని గూర్చియు, మా యింట జరిగినదానిని ఆధారముగా చేసికొని, నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

మన దేశమున డిగ్రీ చదువుచున్న విద్యార్థులను వేసవిలో పరిశోధనాలయములకు పిలిచి, శాస్త్రజ్ఞుల ప్రక్కన కూర్చుండబెట్టి, నిజమైన పనిలో చేయి పెట్టించు ఏర్పాటులు కలవు. బెంగుళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, ప్రయాగలోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ - ఈ మూడు విద్వత్సభలు కలిసి విద్యార్థులకును ఉపాధ్యాయులకును రెండు నెలల వేసవి పరిశోధనా వేతనములను నెలకొల్పినవి. భృతియు రైలు ఖర్చులును ఇందులో చేరియుండును. గాలిని, మబ్బును, వానను గూర్చి ప్రత్యేకముగా పరిశోధించు సంస్థలును కలవు. పూనాలో 1962లో స్థాపింపబడిన ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ యొకటి. మన రాష్ట్రముననే తిరుపతి నుండి చిత్తూరు పోవు మార్గమున గాదంకి గ్రామములోని జాతీయ వాతావరణ పరిశోధనాలయము మరియొకటి. అమెరికాలోని బౌల్డరు పట్టణమునందలి వాతావరణ పరిశోధనా కేంద్రమువారు ఇట్టి వేసవి శిక్షణమును 1996లో సోర్స్ అను పేర ఆరంభించిరి. చదువు ముగిసిన పిదప కాక, చదువు నడుచుచుండగనే విద్యార్థిని పనిలో దింపవలెనను తలంపు అచ్చటను ఇచ్చటను ఒక్కటియే.

గాలిని చదువుటకు పరిశోధనాలయము కావలెనా అని మీరు అడుగవచ్చును. ఈ ప్రశ్నకు మా రావులపాలెమువంటి యూరి వారికంటె బాగుగా జవాబు చెప్పగలవారు లేరు. గౌతమీ తీరమున, కోనసీమకు వాకిలివలె నున్నది మా యూరు. జొన్నాడ వంతెన దాటి వచ్చినవారికి మొట్టమొదట కానవచ్చునవి అరటిగెలలు. చక్కెరకేళి, కర్పూరము, అమృతపాణి, కూరకు బొంత - లంకలనుండియు తోటలనుండియు మా సంతకు వచ్చి, లారీలకెక్కి పొరుగు రాష్ట్రములకు పోవుచుండును. అరటిచెట్టు మ్రాను కాదు. ఆకుల పొరలు చుట్టుకొని నిలిచిన నీటిబొంద. గెల వేసిన పిమ్మట బరువుతో తల వంచి నిలుచును. వెదురుగడలు ఊతమిచ్చినను అరగంట గట్టిగాలి వీచినచో ఏడాది కష్టము నేలపాలగును. కనుక మా యూర గాలియనగా వేడుకకు చెప్పుకొను మాట కాదు. ఇంటి లెక్కలలోని మాట.

ఇక తుపానుల సంగతి చెప్పనక్కరలేదు. 1839 నవంబరులో కోరంగి రేవును ముంచిన ఉప్పెనను గూర్చి మా తాతల తాతలు చెప్పుకొనిరి. ఈ సుడిగాలులకు పాముచుట్ట యను అర్థము వచ్చు గ్రీకుమాటనుండి సైక్లోన్ అను పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టను కలకత్తాలో నుండి మన బంగాళాఖాతపు తుపానులను పరిశీలించినవాడే. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చి సుమారు 10,000 మంది ప్రాణములు గొనిపోయినది. 1996 నవంబరు 6 రాత్రి మా కోనసీమవంతు వచ్చినది. నాడు వేయిమందికి పైగా మరణించిరి. కొబ్బరిచెట్లు వరుసలు వరుసలుగా కూలినవి. ఆ రాత్రి మేము వంటయింటి తలుపునకు రోలు అడ్డము పెట్టి, మా కుమారుని ప్రక్కన పెట్టుకొని కూర్చుంటిమి. గాలి ఎప్పుడు తగ్గునో చెప్పగలవారు ఇంటిలో ఒక్కరును లేరు.

ఆ కుమారుని కుమార్తెయే మా మనుమరాలు. రాజమహేంద్రవరమున గణితమును భౌతికశాస్త్రమును తీసికొని బి.ఎస్‌సి. రెండవ సంవత్సరము చదువుచుండగా, గాదంకిలో వేసవి రెండు నెలలు పని నేర్చుకొనుటకు వ్రాసికొన్నది. అట్టి దరఖాస్తునకు ఉపాధ్యాయుని సిఫారసు లేఖ కావలెను. ఆమె మొదట అడిగిన ఉపాధ్యాయుడు, ఆడపిల్లకు గాలిచదువెందుకని నవ్వి, పదిదినములు త్రిప్పి, తుదకు లేదనెను. మరియొక ఉపాధ్యాయిని ఆ సాయంకాలమే వ్రాసి యిచ్చినది. 2024 మార్చిలో అనుమతి వచ్చినది.

అసలు పరీక్ష అప్పుడు మా యింటిలో మొదలయ్యెను. మా కోడలి పుట్టింటివారు ఆ వైశాఖమునకే ఒక సంబంధము తెచ్చియుండిరి. మంచి కుటుంబము, బుద్ధిమంతుడైన వరుడు, మూడెకరముల కొబ్బరితోట. "పిల్లని అంత దూరం ఒక్కత్తినీ పంపుతామాండీ, అత్తయ్యగారూ? రేపు వాళ్లు చూడ్డానికొస్తే ఏమని చెప్తాం? రాడారు చూడ్డానికెళ్లిందని చెప్తామా?" అని మా కోడలు కన్నీరు పెట్టుకొన్నది. ఆమె భయము అబద్ధము కాదు. ఆ పెద్దమనుష్యులు రెండు నెలలు ఆగుమన్నచో ఆగమనిరి. మేమును వారిని తప్పుపట్టలేదు. ఎవరి ముహూర్తములు వారివి.

మా కుమారుడు రెండు దినములు మాటలాడలేదు. మూడవనాడు మా మనుమరాలు తండ్రి కంచము ముందు కూర్చుండి, "నాన్నా, నువ్వు ఎప్పుడూ గాలికి భయపడుతూనే ఉన్నావు కదా. దాన్ని ఒక్కసారి దగ్గరగా చూసొస్తాను" అనెను. ఆయన జవాబు చెప్పక చేయి కడుగుకొని లేచి, మరునాడు తిరుపతికి టిక్కెట్లు తెచ్చెను. స్వామి దర్శనము చేసికొనినట్లును ఉండును, పిల్లను దిగవిడిచినట్లును ఉండునని మా కోడలికి నచ్చజెప్పితిమి. సంబంధము తప్పిపోయినది. అది చిన్న వెల కాదని మాకు తెలియును.

మే నెల మొదటి వారమున మేమందరము రాజమహేంద్రవరమున రైలెక్కి తిరుపతి చేరి, దర్శనమైన పిమ్మట గాదంకికి పోతిమి. చుట్టును కొండలు, నడుమ బయలు. ఆ బయలులో 130 మీటర్ల నిడివి, అంతే వెడల్పుగల చదరములో 1,024 కడ్డీల యేరియళ్ళు వరుసలు తీర్చి నిలిపియుండిరి. మునుపు మన డాబాలమీద టెలివిజనుకొరకు నిలిపినవి జ్ఞప్తియున్నవి కదా, ఆ కుటుంబమునకు చెందినవే. 1992లో ఈ రాడారుకొరకే కేంద్రము స్థాపింపబడి, 2005 నుండి జాతీయ వాతావరణ పరిశోధనాలయమను పేర నడుచుచున్నది. అంతరిక్ష శాఖ దీనిని పోషించుచున్నది.

ఆ యంత్రము పని చేయు తీరును మా మనుమరాలు తరువాత మాకిట్లు చెప్పినది. నూతిలోనికి వంగి పిలిచినచో మన పిలుపు మనకే తిరిగి వినవచ్చును. అట్లే ఆ యేరియళ్ళన్నియు కలిసి సెకనుకు 5 కోట్ల 30 లక్షల కంపములుగల రేడియో తరంగములను పైకి పంపును. ఆకాశమున గాలి ఎచ్చట కలత చెంది సుడులు తిరుగుచున్నదో అచ్చటినుండి అతి స్వల్పమైన ప్రతిధ్వని వచ్చును. గాలి మనవైపు వచ్చుచున్నచో ఆ ప్రతిధ్వని స్థాయి కొంచెము హెచ్చును. దూరముగా పోవుచున్నచో తగ్గును. రైలు కూత మన దాపునకు వచ్చునప్పుడొక తీరుగను, దాటిపోవునప్పుడొక తీరుగను వినబడుట మీరెరుగుదురు. ఆ తేడాను కొలిచి, ఏ యెత్తున గాలి ఎటు, ఎంత వేగముగా పోవుచున్నదో లెక్క కట్టుదురు. బుడగ ఎగురవేయనక్కరలేకయే పగలును రాత్రియు ఈ లెక్క తీయవచ్చును.

బుడగలును కలవు. సాయంకాలము 5.30 గంటలకు రబ్బరు బుడగకు చిన్న పెట్టె కట్టి విడుతురు. అది పైకి పోవుచు వేడిమిని, తేమను, పీడనమును, గాలిని రేడియో మూలమున క్రిందికి తెలుపుచుండును. ముప్పది కిలోమీటర్ల యెత్తు దాపున ఉబ్బి పగిలిపోవును. మన దేశమున పదిహేడు కిలోమీటర్ల పైన, వేసవి మండుచున్నప్పుడును, సున్నకు దిగువ 80 డిగ్రీల దాపు చలి యుండునట! రావులపాలెమునుండి రాజమహేంద్రవరము దారిలో సగము దాటినంత దూరము, నిలువుగా పోయినచో చాలును.

ఆమెకు ఇచ్చిన పని చిన్నదే. వేసవి ముదిరి తొలకరి వచ్చువేళ, మన తలలపై పదునారు కిలోమీటర్ల యెత్తున గాలి పడమటికి తిరిగి, జూను మొదలు సెప్టెంబరు వరకు ఒక ప్రవాహమువలె గంటకు 100 కిలోమీటర్లు మించిన వేగముతో తూర్పునుండి పరుగెత్తుచుండును. క్రింద వానలు తెచ్చు గాలి పడమటిది; పైన దానికి ఎదురుగా ఈ తూర్పుగాలి. ఈ ప్రవాహమును గూర్చి 1958లో వ్రాసి లోకమునకు తెలిపినది, పిమ్మట భారత వాతావరణ శాఖకు డైరెక్టరు జనరలుగా పనిచేసిన పి. కోటేశ్వరం గారు. టిబెట్టు పీఠభూమి వేసవిలో వేడెక్కుటకును ఈ గాలికిని గల సంబంధమును ఆయన వివరించెను. కొన్ని సంవత్సరముల రాడారు లెక్కలు ముందు పెట్టుకొని, ఈ తూర్పుగాలి ఏయే తేదీలలో నిలకడగా మొదలయినదో రేఖాచిత్రము గీయుట మా మనుమరాలి పని.

ఆ లెక్కలలో అక్కడక్కడ పనికిరానివి వచ్చును. ఇతర యంత్రముల రొద, దారిన పోవు విమానము - ఇట్టివాని ప్రతిధ్వనియు గాలివలె నటించును. వానిని ఏరివేయవలెను. "బియ్యంలో రాళ్లు ఏరినట్టే మామ్మా. కానీ ఏరిన రాయిని పారెయ్యకూడదు. ఎందుకు ఏరానో పక్కన రాసిపెట్టాలి" అని ఆమె టెలిఫోనులో చెప్పినప్పుడు, ఆ చదువు మంచిదే యని మాకు నమ్మకము కలిగినది. తనకు నచ్చని గింజను రాయి యనరాదన్న నీతి, వంటయింటిలోను కావలసినదే కదా!

ఆమె పోయి పదునైదు దినములైనది. ఒకనాటి మధ్యాహ్నము ఉక్క మిక్కుటమై, వాయవ్యమున కారుమబ్బు లేచి, ఉన్నట్టుండి ఈదురుగాలి విరుచుకొని పడెను. ఇరువది నిముషములలో మా తోటలో సగము చెట్లు గెలలతో కూడ నేల కరచినవి. ఆ రాత్రి మా మనుమరాలు టెలిఫోను చేసి, సంగతి విని, కొంచెము సేపు ఊరకుండి, "నాన్నా, గాలి ఏ వైపు నుంచి వచ్చింది? ముందు చల్లబడిందా, ముందు వాన పడిందా?" అని అడిగెను. మా కుమారుడు, "తోట నేలమట్టమైతే నీకు లెక్కలు కావాలా!" అని టెలిఫోను పెట్టివేసెను. మా కోడలు, పిల్లను మరునాడే తీసికొనివత్తమనెను. గెలలపై తెచ్చిన అప్పు తీర్చవలసియున్నది. గాదంకిలో నెలఖర్చులు మేము పంపుచుండిన కాలమది. ఇంటిలో దీపము పెట్టినను చీకటిగనే యున్నది.

మేమప్పుడు కలుగజేసికొంటిమి. గాలి చేసిన నష్టమునకు గాలిని నేర్చుకొను పిల్లను శిక్షింపనేల? ఖర్చు మా చేతి సొమ్మునుండి పంపుదుమని చెప్పితిమి. మా కుమారుడు మాటలాడక తెల్లవారుజామున తోటకు పోయి, ప్రొద్దెక్కిన పిమ్మట తిరిగివచ్చి, తానే టెలిఫోను చేసెను. "చెట్లన్నీ ఆగ్నేయం వైపు పడ్డాయమ్మా. కాలవగట్టు మీద వరస మాత్రం తిన్నగా దక్షిణానికి పడింది. తూర్పు చివర పది చెట్లు తూర్పుకే పడ్డాయి. ముందు చల్లగా వచ్చింది గాలి, తర్వాతే వాన" అని, వ్రాసి తెచ్చుకొన్న కాగితము చూచి చదివెను. గెలల లెక్కలు వ్రాయు పుస్తకములోని కాగితమది.

పడిన చెట్లే గాలి నడచిన జాడ చెప్పినవి. ఎత్తైన మబ్బులో వాన క్రిందికి దిగునప్పుడు కొంత ఆవిరియై, చుట్టునున్న గాలిని చల్లబరచును. చల్లని గాలి బరువు. అది ఒక్కపెట్టున నేలమీదికి దిగి, కుమ్మరించిన బిందెడు నీరు నలుదిక్కుల పరుగెత్తునట్లు పరచుకొనును. అందుచేతనే చెట్లు విసనకర్రవలె విచ్చుకొని పడినవని ఆమె తండ్రికి చెప్పినది. "మరైతే ఆపగలరా దాన్ని?" అని ఆయన అడిగెను. "ఆపలేం నాన్నా. మన తోట మీద ఏ గంటకు పడుతుందో ముందురోజే చెప్పనూ లేం. కానీ మబ్బు పుట్టాక రాడారులో కనిపిస్తుంది. అరగంట ముందు తెలిస్తే చెట్టు నిలబడదు. చెట్టు కింద ఉన్న మనిషి నిలబడతాడు" అని ఆమె జవాబు.

సోదరీమణులారా! ఈ చదువులోని సారమంతయు ఈ మాటలోనే కలదని మాకు తోచినది. 1977లో దివిసీమలో పదివేలమంది పోయిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువంటి మహానగరముమీదనే వచ్చి పడినను, మన రాష్ట్రమున మరణించినవారు వందకు లోపలనే. ఇండ్లు కూలినవి, చెట్లు కూలినవి. మనుష్యులు ముందుగా కదలింపబడి బ్రతికిరి. రాడారులు, ఉపగ్రహములు, బుడగలు, రేయింబవళ్ళు వాని లెక్కలు చూచువారు - వీరందరి పుణ్యమది. ఆ లెక్కలు చూచువారిలో మన బిడ్డలెందుకుండరాదు?

ఆడుది ఈ పనికి తగదనువారికి అన్నా మాణి గారి కథ చెప్పవలెను. 1918లో తిరువాన్కూరు సంస్థానమున పుట్టి, బెంగుళూరులో సి.వి. రామన్ గారి వద్ద పరిశోధనము చేసి, 1945లో ఇంగ్లండునకు పోయి వాతావరణమును కొలుచు పరికరముల విద్య నేర్చి, 1948లో భారత వాతావరణ శాఖలో చేరి, డిప్యూటీ డైరెక్టరు జనరలుగా 1976లో విశ్రమించినది. వానను, ఎండను, గాలిని కొలుచు పరికరములను పరదేశములనుండి తెచ్చుకొనక మన దేశముననే చేయించుటకు పాటుపడిన మహనీయురాలు. ఆమె 2001లో దివంగతురాలైనది.

మా మనుమరాలు జూను తుదిని తిరిగివచ్చినది. ఏదియు క్రొత్తగా కనిపెట్టలేదు. కనిపెట్టితినని చెప్పుకొనను లేదు. ఒక రేఖాచిత్రము, ఎనుబది పుటల వ్రాతపుస్తకము తెచ్చినది. డిగ్రీ ముగిసిన పిదప విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో వాతావరణ శాస్త్రము చదువవలెనని నిశ్చయించుకొన్నది. మా కుమారుడు తోటలో వానను కొలుచు గాజుపాత్ర యొకటి నిలిపి, ప్రతి యుదయము చూచి, గెలల లెక్క ప్రక్కనే వాన లెక్కయు వ్రాయుచున్నాడు. మా కోడలు ఇంకను అప్పుడప్పుడు ఆ తప్పిన సంబంధమును తలచుకొనును. కాని ఇంటికి వచ్చిన చుట్టములకు ఆ రేఖాచిత్రమును చూపునది ఆమెయే.

ఇక తల్లులకు మా మనవి. ఇట్టి దరఖాస్తులు పెక్కు శీతకాలముననే పెట్టవలసియుండును. సంక్రాంతికి ముందే విచారింపుడు. తన కేది నేర్చుకొన వలయునో బాలిక తన మాటలలో వ్రాయవలెను, మరియొకరిచేత వ్రాయింపరాదు. సిఫారసు లేఖకు ఒక ఉపాధ్యాయుడు లేదన్నచో మరియొకరిని అడుగుడు. కొన్నిచోట్ల భృతి యుండును, కొన్నిచోట్ల ఉండదు. వసతి, భోజనము, తోడుండు బాలికల సంగతి ముందే లేఖ వ్రాసి తెలిసికొనుడు. సొమ్ము పుచ్చుకొని ధ్రువపత్రము మాత్రము చేత బెట్టు చోట్లకు పంపకుడు. కుదిరినచో తల్లియే వెంటపోయి చోటు చూచి రావలెను. చూచిన తల్లికి భయము సగము తగ్గును.

ఆవకాయ మరుసటి యేడును కలుపుకొనవచ్చును. ఇరువదేండ్ల ప్రాయమున ఒక వేసవి పోయినచో తిరిగి రాదు. మన తోటలను కూల్చు గాలి, మన పొలములకు వాన తెచ్చు గాలి, రెండును ఒక్క ఆకాశముననే పుట్టుచున్నవి. దానిని చదువగోరు బిడ్డను గడప దాటనిచ్చి, చల్లగా పోయి రమ్మని దీవించుట మన వంతు.